గొడుగుల కేటలాగు

1904వ రోజు

గాజుతోట రికార్డు. చెప్తున్నది మంగతాయారు, చిన్నకడియం ఊరు, చందమామ. గోంగూర రెండో కోత అయింది. బచ్చలి ఏపుగా ఉంది. టమాటా పూత రాలిపోతోంది, ఎందుకో చూడాలి. చూడ్డానికి కళ్ళుండాలి, అదే వచ్చిన చావు.

ఈ మాటలు పట్టే పెట్టెలో తోట సంగతులు తప్ప ఇంకేం చెప్పకూడదని కమిటీ వాళ్ళు రెండుసార్లు కబురు పెట్టారు. చెప్పాల్సినవి చెప్పేశాను. ఇక నా గోల. ఇష్టమైతే వినండి, లేకపోతే చెవులు మూసుకోండి.

ఇవాళ కింద నుంచి ఓడ దిగింది. కింద అంటే భూమి. నలభై రోజులకోసారి వస్తుంది, పన్నెండు రోజులుండి తిరిగి వెళ్తుంది. నాలుగు ఓడల నుంచీ నేను ఒక్క పెట్టె కోసం చూస్తున్నాను. నా రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. వాటికి వెయ్యాల్సిన లెన్సులూ మందులూ ఉన్న పెట్టె అది. నాలుగు వందల గ్రాములు, అంతే. గోడ పట్టుకుని పోస్టు కిటికీ దాకా వెళ్ళాను. కిటికీలో ఉండే సూర్రావు నా చేతిలో ఇటుకలాంటి కట్ట ఒకటి పెట్టాడు.

"నా పెట్టేదయ్యా?"

"రాలేదండి. మీ వాటా బరువంతా ఈ ఉత్తరానికే సరిపోయిందండి. ఉత్తరం ముందు, సరుకు తర్వాత. నన్నేం చెయ్యమంటారండి?"

మనిషికి ఓడకి రెండు కిలోలు. అందులో ఉత్తరాలకి మొదటి చోటు. మంచికే పెట్టారు ఆ రూలు. మొదట్లో వచ్చినవాళ్ళు ఇంటి ఉత్తరాలు అందక కుమిలిపోయారట. తర్వాత తెరల మీద ప్రకటనలు వెయ్యకూడదని చట్టం వచ్చింది, వ్యాపారులందరి కళ్ళూ ఉత్తరాల మీద పడ్డాయి. చిరునామా రాసి పంపితే చాలు, అదీ ఉత్తరమే.

కట్ట తెచ్చి వేదవతి వదిన ముందు పడేశాను. వదిన అంటే చుట్టం కాదు, పక్క గది. రాజమండ్రిలో సంగీతం టీచరు చేసి వచ్చింది. నాకు చూపు మసకబారినప్పటి నుంచీ ఉత్తరాలు ఆవిడే చదువుతుంది. చదివే యంత్రం ఒకటుండేది, చెడిపోయింది, దాని విడిభాగమూ బరువే కదా.

"లోకానంద వారి వానాకాలం ధమాకా," అని చదివింది వదిన. "గొడుగులు, రెయిన్‌కోట్లు, దోమతెరలు."

వానట! దోమలట! గాలే లేని చోట గొడుగు ఏం చేసుకోను, నెత్తిన పెట్టుకు ఊరేగనా? వాడి జిమ్మడ, నా కళ్ళు కింద గోదాంలో పడి ఉంటే వాడి గొడుగులు పైకొచ్చాయి. కోపంతో ఏడుపొచ్చేసింది. వదిన నా వీపు నిమిరి, చివరి పేజీలో కార్డు చింపి, "వద్దని గీత పెట్టేశాను, వెయ్యి వదినా వేలు," అంది. ఎప్పటిలాగే బొటనవేలు సిరాలో ముంచి వేశాను.

1907వ రోజు

తోట: నీళ్ళ గొట్టం ఒకటి కారుతోంది, చెయ్యి పెట్టి కనుక్కున్నాను, కట్టేశాను.

కళ్ళ డాక్టరు షాహిదా గారు మళ్ళీ పరీక్ష చేశారు. చిన్న వయసు, మెత్తని మాట. ఏడాది ఉండి వెళ్దామని వచ్చిన మనిషి. 1996వ రోజున ఓడెక్కి వెళ్ళిపోతారు.

"ఇంకా రెండు ఓడలున్నాయమ్మా. 1944న ఒకటి, 1984న ఒకటి. ఏ ఒక్కదాంట్లో పెట్టె వచ్చినా ఆ పూటే చేసేస్తాను."

"రాకపోతే?"

"ఇంకో కళ్ళ డాక్టరు ఎప్పుడొస్తారో నేను చెప్పలేను. ఈలోపు ఇవి ఇంకా ముదిరిపోతాయి. అప్పుడు చేసినా చూపు వస్తుందని నమ్మకం లేదు."

కిందకెళ్ళి చేయించుకోవచ్చుగా అంటారేమో వినేవాళ్ళు. రెండేళ్ళు దాటినవాళ్ళ ఎముకలు కింది బరువు ఓర్చవు. తిరిగి రామని కాగితం రాసిచ్చే వచ్చాం మేమంతా.

నేను పదకొండో ఏట కడియం నర్సరీలో కత్తి పట్టినదాన్ని. అంటు కట్టాలంటే బెరడు కింద పచ్చటి గీత కనపడాలి. ఈ కొమ్మ గీతని ఆ కొమ్మ గీతకి సరిగ్గా ఆనించాలి. వెంట్రుకవాసి తప్పినా అంటు బతకదు. పోయిన నెల నిమ్మకి ఇరవై కట్టాను, పదిహేడు ఎండిపోయాయి. నా చేతిలో ఇన్ని చావడం నా జన్మలో ఎరగను. చెట్లు ముట్టుకోకుండా నేనిక్కడ బతికి ఏం లాభం? భయంగా ఉంది. ఇది వదినతో కూడా అనలేదు, ఈ మాటల పెట్టెతో అంటున్నాను.

1911వ రోజు

నాకో ఉపాయం తట్టింది!

కేటలాగుతో పాటు తిరుగు కవరు కూడా వస్తుంది. చిన్నది కాదు, సంచీ అంత. చెప్పులు పట్టకపోతే తిప్పి పంపుకోడానికి. "తిరుగు కవరు పెట్టినవాడు అందులో ఎంత బరువొచ్చినా ఓడ మోత తనే భరించాలని రూలుందండి," అని సూర్రావు ఏదో మాటల్లో అన్నాడు. ఏ వస్తువు వెయ్యాలి అని మాత్రం రూల్లో లేదట.

మన దగ్గర దేనికి కరువు? గాలికి కరువు, నీళ్ళకి కరువు. మట్టికి కరువా? చందమామ మట్టి ఒకప్పుడు అద్దాల పెట్టెలో పెట్టి చూపించేవారట. ఇప్పుడు గచ్చు కింద పోసుకోమన్నా పుచ్చుకునే దిక్కు లేదు. 

పొద్దున భోజనాల హాల్లో లేచి చెప్పాను. ఊరంతా ఒకటే నవ్వు. ఈ లోకానంద బాధ పడని ఇల్లు లేదు. ఒకాయనకి అచ్చం బట్టతల, ఆయనకి ఏడు ఓడల నుంచీ తలనూనె సీసాలు. కవర్లన్నీ తీసుకుని రండర్రా అన్నాను.

వదిన మాత్రం, "ఎందుకొదినా ఈ రచ్చ? వాళ్ళ పాపాన వాళ్ళే పోతారు," అంది. ఆవిడ మెతక మనిషి, గొడవలంటే పడదు. నేనే కసిరాను.

1914వ రోజు

తోట: కీరదోస కాపు మొదలు. ఇవాళ తోటలో పని జరగలేదు, క్షమించాలి.

బయటి నుంచి మట్టి తెచ్చినవాళ్ళు తెచ్చారు, గరిటెలతో నింపినవాళ్ళు నింపారు. మెత్తటి బూడిద, చేతికంటితే వదలదు. దీపావళి మర్నాడు వీధిలో కొట్టే వాసన దానికి. ఒకావిడ అరిగిపోయిన చెప్పులు కూడా వెయ్యబోయింది. ఎండుటాకులు వేస్తానన్నవాణ్ణి నేనే ఆపాను, అవి నా ఎరువు. మొత్తం రెండు వందల పన్నెండు కవర్లు లేచాయి. సూర్రావు ఒక్కోటీ తూచి, "ఆయ్, మూడున్నర. ఆయ్, నాలుగు కిలోలు," అని పాటలా చెప్తుంటే పిల్లలూ పెద్దలూ చప్పట్లు.

వదిన కూడా వచ్చి ఒక్క కవరు నింపింది. తర్వాత పనుందని వెళ్ళిపోయింది. ఆవిడ పని నాకు తెలుసు, వీణ. కింద అమ్ముకుని వచ్చిన వీణ మీద ఆవిడకి దిగులు తీరలేదు. కొత్తది ముక్కలు ముక్కలుగా తెప్పించుకుంటోంది, చందమామ మీదే ఇంకో ఊళ్ళో ఉన్న తమ్ముడు తన వాటా బరువు ఇస్తున్నాడట. పొడుగాటి దండి ఎప్పుడో వచ్చింది, ఈ ఓడలో దాని చివరుండే గుండ్రటి కుండ వచ్చింది. ఓడ దగ్గర నుంచి ఆ కుండ మోసుకొచ్చింది నేనే. ఇక్కడ చంటిపిల్లలా తేలిగ్గా ఉంటుంది కానీ ఓడెక్కేటప్పుడు కింది బరువే లెక్క. రెండో పక్కన పెట్టే బుర్ర కోసం సొరకాయ నా తోటలోనే కాయించి, ముదరబెట్టి, ఎండబెట్టి ఇచ్చాను. మెట్లు నిలబెట్టే మైనం కూడా నా తేనెపెట్టెల్లోదే. "నీ రుణం ఎలా తీర్చుకోను వదినా?" అంది. నోరు మూసుకో, మొదటి పాట నాకు వినిపించు చాలు అన్నాను.

1944వ రోజు

గెలిచాం, గెలిచాం! అని చెప్పాలనుంది. ఊరు గెలిచింది. నేను గెలవలేదు.

ఓడలో లోకానంద వారి ఉత్తరం వచ్చింది, ఊరందరి పేరు మీద. సూర్రావు హాల్లో చదివాడు. మా బూడిద వాళ్ళ యంత్రాల పళ్ళలోకి దూరిందట. ఆఫీసంతా తుమ్ములట. ఓడ మోతకి వాళ్ళ నడుం విరిగిందట. దయచేసి ఆపండి, చిన్నకడియం పేర్లన్నీ కొట్టేశాం అని దండం పెట్టి రాశారు. హాలు దద్దరిల్లిపోయింది. నన్ను ఎత్తుకుని తిప్పారు. ఎత్తడం ఇక్కడ గొప్ప కాదు, అయినా సంతోషమే.

నన్ను దించగానే పోస్టు కిటికీకి పరిగెత్తాను. సూర్రావు నా వెనకే వచ్చి కిటికీ తీశాడు. చేతిలో కట్ట పెట్టాడు, మునుపటి కన్నా లావు.

"ఊళ్ళో అందరికీ ఆగిందండి. మీ ఒక్కరికే వచ్చిందండి. కోరి తెప్పించుకునేవారు అని పైన ముద్ర కూడా ఉందండి."

"నేనా? కోరానా? గొడుగులు?"

"పెట్టె మళ్ళీ కిందే ఉండిపోయిందండి."

తిన్నగా వదిన దగ్గరికెళ్ళి కూర్చున్నాను. రాయి అన్నాను. రెండు కాగితాల నిండా చెప్పాను. ఒరేయ్ లోకానందా, నా కళ్ళు నువ్వు మింగుతున్నావు. నా పేరు నీకు ఎవరిచ్చారు? నేను కోరానని ఎవరు చెప్పారు? పేరు రాసి పంపు, లేకపోతే ఈసారి చందమామ సగం తవ్వి పంపుతాను. వదిన కలం చప్పుడు కాగితం మీద గరగర వినపడుతూనే ఉంది. "పొరపాటు జరిగుంటుందిలే వదినా, ఆవేశపడకు," అని రెండుసార్లు అంది. చివర్లో వేలు వేయించుకుంది.

1949వ రోజు

తోట: ఏం చూడలేదు.

సూర్రావు తోటకొచ్చాడు, నసుగుతున్నాడు.

"అమ్మా, కోప్పడకండి. లోకానంద వారికి మీరు రెండు కాగితాలు చెప్పి రాయించానన్నారు కదండి?"

"అన్నాను. అయితే?"

"కిందా పైనా కలిపి ఇరవయ్యేళ్ళుగా కవర్లు తూస్తున్నానండి. ఆ కవర్లో రెండు కాగితాలు లేవండి. ఒక్క కార్డుంది."

అగ్గి మీద గుగ్గిలంలా లేచాను. ఎవరి మీద అంటున్నావో తెలుసా? జ్వరమొస్తే నా తల ఒళ్ళో పెట్టుకున్న మనిషి. నా పళ్ళెంలో ముల్లు తీసి పెట్టే మనిషి. నీ తరాజు తగలెయ్య, పో అవతలికి అన్నాను. 

వెళ్ళబోతుంటే ఆగమన్నాను. ఎందుకు ఆపానో ఇప్పటికీ నాకు తెలీదు. లోకానంద వాడికి నాలుగు ముక్కలు రాయమన్నాను. నా పేరు ఎవరిచ్చారు, నేను కోరినట్టు రుజువేంటి. రాశాడు. వేలు వేశాను. వదినకి చెప్పలేదు. పొద్దుటి నుంచీ ఆవిడ ముందు దొంగదానిలా మసులుతున్నాను, సిగ్గుగా ఉంది.

1984వ రోజు

ఓడ దిగింది. పెట్టె రాలేదు. గొడుగులొచ్చాయి.

ఇంకో ఉత్తరం కూడా వచ్చింది, పల్చటిది. సూర్రావు దాన్ని చదవలేదు, "డాక్టరమ్మ గారి చేత చదివించుకోండి," అని నన్ను ఆవిడ గది దాకా దింపి వెళ్ళిపోయాడు. 

"ఇంకొక్క ఓడ దాకా ఉండలేవా తల్లీ?" అని ముందు అదే అడిగాను. సిగ్గు విడిచి అడిగాను.

"ఇప్పటికే ఉండాల్సిన దాని కన్నా ఎక్కువ ఉన్నానమ్మా. ఇంకా ఉంటే నేనూ కింద నిలబడలేను. ఇంట్లో నాకు మూడేళ్ళ పాప ఉంది," అని ఆవిడే ఏడ్చేసింది. ఆ పిల్లని ఏమనను?

తర్వాత ఉత్తరం చదివింది. చెప్తున్నాను, వినండి. "మీ వేలిముద్రతో, ఇంకా పంపండి అని గీత పెట్టిన కార్డులు పన్నెండు మా దగ్గరున్నాయి. వేలిముద్రతో కోరినవి మీరు వేలిముద్రతో వద్దంటే తప్ప ఆపలేము. మీ పేరు ఇచ్చినవారు మీ పక్క గదిలో ఉండే వేదవతి గారు. పేరు ఇచ్చినవారికీ, ఆ పేరు మీద కార్డు తిరిగొచ్చిన ప్రతిసారీ, మా వాటా నుంచి బహుమతిగా ఓడ బరువు ఇస్తాము. ఆమెకు ఇంతవరకు ఇచ్చినది నాలుగున్నర కిలోలు."

డాక్టరమ్మ ఆగింది. ఇంకోసారి చదవమన్నాను. చదివింది. ఇంకోసారి అన్నాను.

వీణ కుండ ఎంత బరువో నాకు తెలుసు. మోసుకొచ్చింది నేనే.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారు. తోటపని చేసే నేను ఆ మాట వెయ్యిసార్లు ఇంకొకళ్ళ మీద వాడి ఉంటాను. వేలు ఇక్కడ వెయ్యి వదినా, వద్దని గీత పెట్టేశాను. పన్నెండుసార్లు! పన్నెండుసార్లూ నా వేలు పట్టుకుని సిరాలో ముంచింది. అడిగి ఉంటే? ఓసి వదినా, వీణ లేకపోతే బతకలేకపోతున్నాను, నీ బరువు ఒక్క ఓడకి ఇవ్వు అని అడిగి ఉంటే? రెండు ఓడలకి ఇచ్చేదాన్ని. నా పెట్టె తర్వాత ఎన్ని ఓడలైనా ఇచ్చేదాన్ని. లోకానంద వాడు ఎవడో. వాడికి నేను తెలీదు. వాడి మీద బూడిద పోయించాను. ఈవిడకి నా కళ్ళలో పొర ఎంత మందమో కూడా తెలుసు.

1985వ రోజు

తోట రికార్డు ఇవాళ లేదు. ఇది వేరే.

పొద్దున వదిన వచ్చింది. గుమ్మంలోంచే, "పెట్టె రాలేదట కదా వదినా," అని నన్ను వాటేసుకుంది. ఒళ్ళు వెచ్చగా ఉంది, జాజికాయ సబ్బు వాసన. ఏడుస్తోంది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు, అది ఒట్టేసి చెప్పగలను. 

డాక్టరమ్మ చదివిన సంగతి ఆవిడకి తెలీదు. నేను రాత్రంతా ఆలోచించి ఒకటే అనుకున్నాను. కవరు మళ్ళీ అంటించి ఉత్తరం ఇస్తాను. ఉన్నది ఉన్నట్టు చదివితే, తడబడుతూ అయినా సరే, తన పేరు తన నోటితో చదివితే, ఆ కాగితం అక్కడే చింపేస్తాను. కళ్ళు ఎలాగూ పోయాయి, మనిషైనా మిగులుతుంది.

"లోకానంద వాడు జవాబిచ్చాడు వదినా. నా పేరు ఎవరిచ్చారో రాశాడట. చదివి పెట్టు."

కవరు చింపిన చప్పుడైంది. తర్వాత కాగితం విప్పి, మడిచి, మళ్ళీ విప్పిన చప్పుడు. చదువు వదినా, చదివెయ్యి తల్లీ, అని లోపల నేనే మొక్కుకున్నాను.

"మీ పేరు ఇచ్చినవారు," అంది. గొంతు సవరించుకుంది. "మీ పేరు ఇచ్చినవారు పోస్టు కిటికీ సూర్రావు గారు."

నా గుండె అక్కడ విరిగింది, నిన్న కాదు.

"ఇంకోసారి చదువు."

చదివింది. ఈసారి ఎక్కడా తడబడలేదు. పైగా, "చూశావా? తరాజు పట్టుకుని ధర్మరాజులా కూర్చుంటాడు. వాడి మొహం మీద ఉమ్మొచ్చినా పాపం లేదు," అంది. ముసలాడు ఒక్కడే నాకు నిజం చెప్పాడు, వాణ్ణి నేను తిట్టి పంపాను.

"పద వదినా, హాలుకి," అంది తర్వాత. "ఇవాళ సాయంత్రం వీణ మొదటిసారి పలికిస్తున్నాను. నీ మనసు బాలేదని తెలుసు, అయినా నువ్వు లేకుండా మొదలుపెట్టను. ముందు కూర్చుని శ్రుతి చూసిపెట్టు."

నా చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. పొడుగాటి నడవ. మెట్టుంది అని, మలుపుంది అని, ఎప్పటిలాగే మెత్తగా చెప్తూ. సగం దూరం వచ్చాక అన్నాను.

"ఆ ఉత్తరం నిన్నే డాక్టరమ్మ చదివింది వదినా. మూడుసార్లు."

ఆవిడ అడుగు ఆగిపోయింది. నేనూ ఆగాను. నా నోరు ఎలాంటిదో ఆవిడకి తెలుసు, పొద్దుటి భోజనాలకి హాల్లో ఊరంతా ఉంది. ఇన్నేళ్ళ నా నోటికి ఆ పూట ఒక్క తిట్టూ రాలేదు.

అలా ఎంతసేపు నిలబడ్డామో. ఆవిడ చెయ్యి వదల్లేదు, వదిలితే నేను అందరి ముందూ ఏం అంటానోనని. నేనూ విడిపించుకోలేదు. విడిపించుకుంటే ఎటు వెళ్ళాలో నాకు కనపడదు.